ల్యాబ్ సిస్టమ్‌లలో గిట్ ‘డ్యూబియస్ ఓనర్‌షిప్’ అని ఆపేస్తోంది, స్టార్ పెట్టేయొచ్చా?

తర్వాత చదివేవాళ్ల కోసం ముందు ప్రశ్నేమిటో చెప్తాను. విజయనగరం, శ్రీకాకుళం మధ్య హైవే పక్కన ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ ప్రోగ్రామర్‌గా చేస్తున్న ఆయన అడిగారు. ఈ వేసవిలో విండోస్ సిస్టమ్‌లన్నీ ఫార్మాట్ చేసి కొత్త గిట్ (కోడ్‌లో చేసిన మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రాము) వేశారు. అడ్మిన్ లాగిన్‌తో డీ డ్రైవ్‌లో ప్రాజెక్టుల ఫోల్డర్ ఒకటి తయారుచేసి పెట్టారు. పిల్లలు స్టూడెంట్ లాగిన్‌తో వచ్చి అక్కడ గిట్ స్టేటస్ కొడితే ‘డిటెక్టెడ్ డ్యూబియస్ ఓనర్‌షిప్’ (ఓనర్ విషయం అనుమానంగా ఉంది) అని ఎర్రర్ వచ్చి ఆగిపోతోంది. నెట్‌లో వెతికితే సేఫ్ డాట్ డైరెక్టరీ అనే సెట్టింగ్‌కి స్టార్ గుర్తు (*) ఇచ్చే లైనొకటి దొరికింది. ఒక సిస్టమ్‌లో వేసి చూశారు, పనయింది. మిగతా వాటిలో కూడా వేసేద్దామనుకుంటే థర్డ్ ఇయర్ కుర్రాడొకడు, ‘సార్, అది ప్రివిలేజ్ ఎస్కలేషన్ హోల్, తెరవకండి’ అన్నాడట. అంటే తక్కువ హక్కులున్నవాడు ఎక్కువ హక్కులు దక్కించుకునే కన్నం. ఈలోగా హెచ్‌ఓడీ గారు, ‘ఈ తలనొప్పంతా ఎందుకు, స్టూడెంట్ లాగిన్‌కే అడ్మిన్ హక్కులు ఇచ్చేయండి’ అంటున్నారు. ఎవరి మాట వినాలి?

కుర్రాడి మాట వినండి. స్టార్ పెట్టిన సిస్టమ్‌లో తీసేయండి, మిగతా వాటిలో పెట్టకండి. అడ్మిన్ హక్కులు అసలే వద్దు. ఈ రెండూ చేయకుండానే పిల్లల పని ఆగకుండా చూసుకోవచ్చు, అది కింద రాస్తాను. ‘ఎందుకు’ అన్నది మాత్రం కాస్త ఓపిగ్గా చదవండి. హెచ్‌ఓడీ గారి గదిలో కూర్చుని చెప్పుకోవాల్సింది మీరే కదా.

2022 ఏప్రిల్ 12న గిట్ 2.35.2 వచ్చింది. అందులో మూసిన లోపం నంబరు సీవీఈ-2022-24765 (బయటపడిన భద్రతా లోపాలకి ఇచ్చే నంబర్లే సీవీఈలు). ఎవరో ఒక లైను తప్పు రాయడం వల్ల వచ్చిన బగ్ కాదది, గిట్‌కి మొదటినుంచీ ఉన్న అలవాటే. మీరు ఏ ఫోల్డర్‌లో ఉండి గిట్ కమాండ్ కొట్టినా, అక్కడ డాట్ గిట్ అనే ఫోల్డర్ ఉందా అని చూస్తుంది. లేకపోతే దాని పై ఫోల్డర్‌లో చూస్తుంది. అక్కడా లేకపోతే ఇంకా పైకి, అలా డ్రైవ్ మొదలుదాకా ఎక్కుతూ పోతుంది. ప్రాజెక్టులో ఎంత లోపలి ఫోల్డర్‌లో ఉన్నా గిట్ పనిచెయ్యాలంటే ఇలా చూడక తప్పదు. డాట్ గిట్ ఎక్కడ దొరికితే అక్కడి కాన్ఫిగ్ ఫైలు చదువుతుంది. చదివి ఊరుకుంటే బాధ లేదు. ఆ కాన్ఫిగ్‌లో కొన్ని సెట్టింగులు బయటి ప్రోగ్రాములని నడపమని చెప్పగలవు. ఎడిటర్ ఏది, పేజర్ (పొడవైన అవుట్‌పుట్‌ని పేజీలుగా చూపించేది) ఏది, హుక్స్ (గిట్ పనులప్పుడు వాటంతటవే నడిచే స్క్రిప్టులు) ఏ ఫోల్డర్‌లో ఉన్నాయి, ఇవన్నీ అలాంటివే. అన్నిటికంటే ప్రమాదమైనది కోర్ డాట్ ఎఫ్‌ఎస్‌మానిటర్. పెద్ద ప్రాజెక్టుల్లో గిట్ స్టేటస్ తొందరగా రావడానికి, ‘ఏ ఫైళ్లు మారాయో ఈ ప్రోగ్రాముని అడుగు’ అని చెప్పే సెట్టింగ్ అది. అక్కడ ఏ కమాండ్ రాసి ఉంటే గిట్ ఆ కమాండ్‌ని నడిపేస్తుంది.

ఇప్పుడు విండోస్ వైపు చూడండి. సీ డ్రైవ్ మొదట్లో మామూలు యూజర్ ఫైలు పెట్టలేడు గానీ, ఫోల్డర్ మాత్రం తయారుచేయగలడు. తను చేసిన ఫోల్డర్ లోపల ఏమైనా పెట్టుకోగలడు. డీ డ్రైవ్ సంగతి ఇంకా వదులు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌తో (విండోస్ మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్) ఫార్మాట్ చేసి వదిలేస్తే లాగిన్ అయిన ప్రతివాడూ దాని మొదట్లోనే ఏదైనా రాయగలడు. కాబట్టి ఏ హక్కులూ లేని స్టూడెంట్ లాగిన్‌తో ఒక కుర్రాడు సీ డ్రైవ్‌లో డాట్ గిట్ అని ఫోల్డర్ చేసి, అందులో కాన్ఫిగ్ రాసి, లాగౌట్ అయి క్యాంటీన్‌కి వెళ్లిపోవచ్చు. తర్వాత ఎప్పుడో మీరు అడ్మిన్‌గా లాగిన్ అవుతారు. ఫైళ్లు మారాయో లేదో ప్రాంప్ట్‌లో చూపించేలా పెట్టుకున్న గిట్ బ్యాష్ తెరుస్తారు, లేదా పవర్‌షెల్‌కి పోష్-గిట్ (ప్రాంప్ట్‌లో గిట్ వివరాలు చూపించేది) తగిలించుకుని ఉంటారు, లేదా విజువల్ స్టూడియోలో కొత్త ప్రాజెక్టు మొదలుపెడతారు. మీరు గిట్ అని టైపు కూడా చేయరు. ప్రాంప్ట్‌లో బ్రాంచి పేరు చూపించడానికో, పక్కన రంగు మార్చడానికో ఆ టూలే వెనకాల గిట్‌ని పిలుస్తుంది. మీ ఫోల్డర్‌లో డాట్ గిట్ లేదు కాబట్టి అది పైకి ఎక్కుతుంది. సీ డ్రైవ్ మొదట్లో ఆ కుర్రాడు పెట్టింది దొరుకుతుంది. అందులో రాసిన కమాండ్ మీ హక్కులతో, అంటే అడ్మిన్ హక్కులతో నడుస్తుంది.

తహసీల్దారు గారి బల్ల మీద సంతకానికి పెట్టిన ఫైళ్ల కట్టలో ఎవడో తన కాగితం ఒకటి దూర్చి వెళ్లిపోయాడనుకోండి. ఆయన పైనుంచి కిందిదాకా సంతకాలు పెట్టుకుంటూ పోతే, ఆ కాగితానికి కూడా తహసీల్దారు అధికారం వచ్చేస్తుంది. దూర్చినవాడికి ఏ అధికారమూ అక్కర్లేదు. బల్ల దాకా వెళ్లగలిగితే చాలు.

2.35.2 చేసిన పని ఒక్కటే. దొరికిన డాట్ గిట్ ఉన్న ఫోల్డర్ ఓనర్ ఎవరు అని అడగడం మొదలుపెట్టింది. ఓనర్ మీరే అయితే ముందుకు వెళ్తుంది, వేరేవాళ్లయితే కాన్ఫిగ్ జోలికి పోకుండా ఆగిపోతుంది. మీకు కనిపిస్తున్న ఎర్రర్ అదే. చాలామంది దాన్ని కొత్త గిట్‌లో వచ్చిన చిరాకు అనుకుంటారు. ఆ ఎర్రరే ప్యాచ్. సేఫ్ డాట్ డైరెక్టరీ అనేది దానికి మినహాయింపుల జాబితా. ‘ఫలానా ఫోల్డర్ ఓనర్ నేను కాకపోయినా పర్లేదు, నాకు నమ్మకమే’ అని మీరు ఒక్కో దారి రాసి ఇవ్వాలి. ఆ వారంలోనే వచ్చిన 2.35.3లో స్టార్ ఇచ్చే వీలు పెట్టారు, ఏ ఫోల్డరయినా పర్లేదు అని దానర్థం. కాబట్టి సిస్టమ్ మొత్తానికి స్టార్ పెడితే, ఈ విషయంలో మీరు 2022 ఏప్రిల్‌కి ముందున్న గిట్‌కి తిరిగి వెళ్లినట్టే. వెర్షన్ నంబరు మాత్రం కొత్తది కనిపిస్తుంది. ఆడిట్‌కి వచ్చినవాళ్లు నంబరు చూసి టిక్ పెట్టుకుని పోతారు కూడా.

గమనించారో లేదో, ఆ ఎర్రర్ కిందే గిట్ ఒక లైను సూచిస్తుంది. అందులో స్టార్ ఉండదు, మీరున్న ఫోల్డర్ పూర్తి దారి ఉంటుంది. స్టార్ లైను నెట్‌లో ఎందుకు అంతగా తిరుగుతుందంటే, అది ఎక్కడ కాపీ చేసి అతికించినా పనిచేస్తుంది, దారి మార్చుకునే పని ఉండదు. విజయనగరంలో నాకు తెలిసిన ఒక చిన్న ఆఫీసులో ప్రతి సిస్టమ్‌లోనూ ఆ లైను ఉంది. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అక్కడ ఒక్కరికీ తెలియదు. స్టార్‌కి అసలు చోటే లేదని అనను. పని కాగానే చెరిపేసే కంటైనర్‌లో (ఒక పని కోసం విడిగా నడిపే చిన్న సిస్టమ్ లాంటిది), ఒకే యూజర్ ఉన్న చోట పెట్టుకుంటే నష్టం లేదు. నలుగురు పంచుకునే సిస్టమ్‌లో మాత్రం వద్దు.

‘మా ల్యాబ్‌లో బ్యాంకు వివరాలేమీ ఉండవు కదా’ అని కూడా రాశారు. లోకల్ అడ్మిన్ చేతికొస్తే ఆ సిస్టమ్‌లో లాగిన్ అయ్యే ప్రతి మనిషి ఫైళ్లూ చేతికొచ్చినట్టే. టైపు చేసే పాస్‌వర్డులు పట్టే ప్రోగ్రాము పెట్టొచ్చు. ఇంటర్నల్ మార్కులు ఎక్కించడానికి లెక్చరర్లు ఎప్పుడో ఒకసారి ఆ ల్యాబ్‌లో కూర్చుంటారు కదా. పైగా అన్ని సిస్టమ్‌లకీ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టే అలవాటు మన కాలేజీల్లో ఎంత ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక సిస్టమ్ పోతే ల్యాబంతా పోతుంది.

ఇక్కడ ఇంకో విషయం ఉంది, కుర్రాడు చెప్పాడో లేదో గానీ. మీ ప్రశ్నని బట్టి చూస్తే పిల్లలందరికీ కలిపి ‘స్టూడెంట్’ అని ఒకటే లాగిన్ ఉన్నట్టుంది. అలాగైతే గిట్ పెట్టిన ఈ కాపలా పిల్లల నుంచి మిమ్మల్ని కాపాడుతుంది, పిల్లల నుంచి పిల్లల్ని కాపాడదు. పొద్దున్న బ్యాచ్‌లో ఒకడు డీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ చేసి అందులో డాట్ గిట్ పెడితే రెండిటికీ ఓనర్ ‘స్టూడెంట్’. మధ్యాహ్నం బ్యాచ్‌లో వచ్చి ఆ ఫోల్డర్‌లో పనిచేసే అమ్మాయి కూడా ‘స్టూడెంట్’. గిట్ దృష్టిలో ఇద్దరూ ఒకరే, కాబట్టి అనుమానం లేకుండా నడిపేస్తుంది. ఇందులో హక్కులు పెరగడం లేదు గనక దీన్ని ప్రివిలేజ్ ఎస్కలేషన్ అనరు. కానీ ఆ అమ్మాయి గిట్‌హబ్ (కోడ్ దాచుకునే వెబ్‌సైటు) లాగిన్ విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో (పాస్‌వర్డులు దాచే చోటు) సేవ్ అయి ఉంటే అది పోతుంది. ఒక్కొక్కరికీ ఒక్కో లాగిన్ ఇవ్వడమే దీనికి సరైన మందు. డొమైన్ సర్వర్ (అన్ని సిస్టమ్‌ల లాగిన్లూ ఒకచోట నుంచి నడిపేది) లేకపోయినా రోల్ నంబర్ల జాబితా నుంచి లోకల్ లాగిన్లు తయారుచేసే చిన్న పవర్‌షెల్ స్క్రిప్ట్ రాయొచ్చు. ఆ పని మీ కుర్రాడికే ఇవ్వండి, సంతోషంగా చేస్తాడు. అది ఇప్పట్లో కుదరకపోతే, ల్యాబ్ సిస్టమ్‌లలో గిట్‌హబ్ పాస్‌వర్డులు, టోకెన్లు సేవ్ కాకుండా గిట్ క్రెడెన్షియల్ హెల్పర్ (వాటిని దాచిపెట్టేది) ఆపేయండి. బ్రౌజర్, వీఎస్ కోడ్ లాగిన్లు కూడా చివర్లో తీయించండి. పిల్లలు విసుక్కుంటారు, తప్పదు.

జిప్ ఫైళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన వైపు ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు సీనియర్ల నుంచి జూనియర్లకి పెన్‌డ్రైవ్‌లో జిప్‌గా దిగుతాయి. ఆ జిప్‌లో డాట్ గిట్ ఫోల్డర్ కూడా యథాతథంగా ఉంటుంది. దాన్ని విప్పినవాడే కొత్త ఫైళ్లకి ఓనర్ అవుతాడు. ఓనర్ తనే కాబట్టి గిట్ ఏమీ అనదు, లోపల కాన్ఫిగ్‌లోనూ హుక్స్‌లోనూ ఏమున్నా నడుస్తుంది. గిట్ క్లోన్ చేస్తే, అంటే గిట్ ద్వారానే కాపీ తెచ్చుకుంటే, ఈ బెడద లేదు. క్లోన్‌లో అవతలివాళ్ల కాన్ఫిగ్ రాదు, హుక్స్ రావు, కోడూ చరిత్రా మాత్రమే వస్తాయి. కాబట్టి నమ్మకం లేని జిప్ వస్తే, విప్పి లోపలి డాట్ గిట్ ఫోల్డర్ చెరిపేశాకే వాడమనండి. వీఎస్ కోడ్ 2021 నుంచి కొత్త ఫోల్డర్ తెరిచినప్పుడు ‘ఈ ఫైళ్లు రాసినవాళ్లని నమ్ముతున్నారా’ అని అడుగుతుంది కదా, అది కూడా ఇలాంటి భయంతోనే. అందరూ చదవకుండా ‘అవును’ నొక్కుతారు.

సరే, ఇప్పుడు చేయాల్సిన పని. స్టార్ ఎక్కడ ఉందో ముందు కనిపెట్టండి. గిట్ కాన్ఫిగ్ కమాండ్‌కి షో-ఆరిజిన్, గెట్-ఆల్ అనే ఆప్షన్లు ఇచ్చి సేఫ్ డాట్ డైరెక్టరీ అని అడిగితే, విలువతో పాటు ఏ ఫైలులోంచి వచ్చిందో కూడా చూపిస్తుంది. సిస్టమ్ స్థాయిలో (అన్ని లాగిన్లకీ) వేశారా, గ్లోబల్ స్థాయిలో (ఆ ఒక్క లాగిన్‌కీ) వేశారా అన్నది దాన్నిబట్టి తెలుస్తుంది. ఎక్కడ ఉంటే అక్కడ అన్‌సెట్-ఆల్‌తో తీసేయండి. సిస్టమ్ స్థాయిది తీయాలంటే అడ్మిన్ హక్కులు కావాలి. పెట్టినప్పుడు కూడా కావాల్సి వచ్చే ఉంటుంది.

తర్వాత, మీ ఎర్రర్‌కి అసలు కారణం ఆ ఫోల్డర్‌ని అడ్మిన్‌గా తయారుచేయడమే. ఓనర్ అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపు, వాడేది స్టూడెంట్. పిల్లల చేతే వాళ్ల వాళ్ల యూజర్ ఫోల్డర్‌లోకి క్లోన్ చేయించండి, గొడవ పోతుంది. మూల ప్రాజెక్టు ల్యాబ్ సర్వర్‌లోనో గిట్‌హబ్‌లోనో పెట్టి హెచ్‌టీటీపీఎస్ ద్వారా తీసుకోమనండి. ఫార్మాట్ చేస్తే పోతుందన్న భయంతో డీ డ్రైవ్‌లోనే ఉండాలంటే, ప్రతి లాగిన్‌కీ అక్కడ ఒక ఫోల్డర్ ఇచ్చి దాని ఓనర్‌ని ఆ లాగిన్‌కి మార్చండి. ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అందులో అడ్వాన్స్‌డ్, అక్కడ పైనే ఓనర్ అని ఉంటుంది. నిజంగానే అందరూ పంచుకోవాల్సిన ఫోల్డర్ ఒకటి ఉంటే, దాని పూర్తి దారి ఒక్కటే మినహాయింపుగా రాయండి. గిట్ 2.46 నుంచి ఒక దారి చివర స్లాష్, స్టార్ పెడితే ఆ ఫోల్డర్ కింద ఉన్నవాటికి మాత్రమే వర్తిస్తుంది. ఆ స్టార్‌కీ, ఒంటరి స్టార్‌కీ చాలా తేడా ఉంది. అయితే ఆ ఫోల్డర్‌లో రాసే హక్కు ఎవరెవరికి ఉందో వాళ్లందరినీ మీరు నమ్ముతున్నట్టే లెక్క.

పెన్‌డ్రైవ్ మీద నేరుగా పనిచేసేవాళ్లకి ఇదే ఎర్రర్ వేరే మాటలతో వస్తుంది, ‘ఈ ఫైల్ సిస్టమ్‌లో ఓనర్ వివరాలు ఉండవు’ అని. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లో ఓనర్ అన్నదే ఉండదు మరి. హార్డ్ డిస్క్‌లోకి క్లోన్ చేసుకుని పనిచేయమనడమే.

ఇంకో చిన్న పని. ఒక సిస్టమ్‌లో ఒకటే గిట్ ఉంటుందనుకోకండి. విజువల్ స్టూడియో, గిట్‌హబ్ డెస్క్‌టాప్ లాంటివి తమ సొంత గిట్‌ని లోపల పెట్టుకుని వస్తాయి. మీరు వేసిన గిట్ కొత్తదే అయినా, అవి 2022 ఏప్రిల్‌కి ముందువైతే పాత దారి తెరిచే ఉంటుంది. వాటిని కూడా అప్‌డేట్ చేయండి. ఏ కారణం చేతనైనా అప్‌డేట్ చేయలేని సిస్టమ్ ఉంటే, గిట్ టీమ్ అప్పట్లో చెప్పిన తాత్కాలిక ఉపాయమే వాడండి. ప్రతి డ్రైవ్ మొదట్లో మీరే అడ్మిన్‌గా డాట్ గిట్ అనే ఖాళీ ఫోల్డర్ పెట్టి, దాని మీద చదివే హక్కు, రాసే హక్కు అందరికీ తీసేయాలి. చోటు ముందే నిండిపోయింది గనక ఇంకెవరూ పెట్టలేరు. లేదా గిట్ సీలింగ్ డైరెక్టరీస్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో సీ డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్ దారి ఇస్తే, యూజర్ ఫోల్డర్లలో పనిచేస్తున్నప్పుడు గిట్ అంతకంటే పైకి వెతకదు. పాత గిట్‌ని తీసేసేటప్పుడు కూడా జాగ్రత్త. దాని అన్‌ఇన్‌స్టాలర్‌ని సిస్టమ్ అకౌంట్ (విండోస్ సొంత అకౌంట్) కింద నడిపితే, ఎవరైనా రాయగలిగే టెంప్ ఫోల్డర్‌లోంచి డీఎల్‌ఎల్ (ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ఫైలు) ఎత్తుకునే లోపం ఒకటి ఉండేది. సీవీఈ-2022-24767 అది, మొదటిదాంతో పాటు అదే రోజు బయటపెట్టారు.

గిట్ సంగతి ఇంతవరకే. నిజం చెప్పాలంటే మీ ల్యాబ్‌లో నన్ను ఎక్కువ భయపెట్టేది గిట్ కాదు. సీ డ్రైవ్ తెరిచి మొదట్లో ఉన్న ఫోల్డర్లు ఒకసారి చూడండి. మింజీడబ్ల్యూ (జీసీసీ అనే సీ కంపైలర్ ఉన్న ప్యాకేజీ), టర్బో సీ, జాంప్ (వెబ్ సర్వర్, పీహెచ్‌పీ, డేటాబేసు కలిపి ఇచ్చేది), పాత పైథాన్ 2.7, ఇవన్నీ అక్కడే ఉంటాయి, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉండవు. సీ డ్రైవ్ మొదట్లో కొత్తగా చేసిన ఏ ఫోల్డరైనా విండోస్ డీఫాల్ట్‌గా ‘లాగిన్ అయిన ప్రతివాడూ మార్చొచ్చు’ అనే హక్కుని పైనుంచి తెచ్చుకుంటుంది. ప్రోగ్రామ్ ఫైల్స్‌కి ఆ బాధ లేదు, అక్కడ మామూలు యూజర్ చదవగలడు, నడపగలడు, అంతే. అంటే మింజీడబ్ల్యూ బిన్ ఫోల్డర్‌లో జీసీసీ ఉన్న చోట ఇంకో జీసీసీ పెట్టడానికి స్టూడెంట్ లాగిన్ చాలు. మీరు అడ్మిన్‌గా ఎక్కి, కంపైలర్ పనిచేస్తోందా లేదా అని ఒక్కసారి జీసీసీ కొడితే వాడి ప్రోగ్రాము మీ హక్కులతో నడుస్తుంది. పైగా ఆ ఫోల్డర్‌ని అందరికీ వర్తించే పాత్‌లో (విండోస్ ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) చేర్చి ఉంటారు. ఏదో ఒక విండోస్ సర్వీసు తనకి కావాల్సిన డీఎల్‌ఎల్ దొరక్క పాత్‌లో వెతుక్కుంటూ అక్కడికి వస్తే, మీరు ఏమీ కొట్టకుండానే అదే జరుగుతుంది. ఇందులో ఏ కంపెనీ బగ్గూ లేదు, కాబట్టి ఎవరూ ప్యాచ్ పంపరు. మనమే సరిచేసుకోవాలి.

జాంప్‌లో అయితే దీనికి పేరూ నంబరూ కూడా ఉన్నాయి, సీవీఈ-2020-11107. దాని కంట్రోల్ ప్యానెల్‌లో లాగ్ బటన్ నొక్కితే నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది కదా. ఏ ఎడిటర్ తెరవాలన్నది ఒక ఐఎన్ఐ ఫైలులో రాసి ఉంటుంది. పాత వెర్షన్లలో ఆ ఫైలు అందరికీ ఉమ్మడి, మామూలు యూజర్ దాన్ని మార్చగలడు. నోట్‌ప్యాడ్ బదులు తన ఈఎక్స్‌ఈ దారి రాసి ఊరుకుంటే, అడ్మిన్ వచ్చి లాగ్ చూద్దామని నొక్కినప్పుడు అది నడుస్తుంది. 7.2.29, 7.3.16, 7.4.4 వెర్షన్లతో సరిచేశారు. మీ ల్యాబ్ సీడీలో ఉన్న జాంప్ ఏ కాలం నాటిదో చూసుకోండి. నోడ్ జేఎస్ విండోస్ ఇన్‌స్టాలర్‌కి కూడా 2021లో ఇన్‌స్టాల్ ఫోల్డర్ హక్కుల మీదే ఇలాంటి సీవీఈ వచ్చింది, నంబరు 2021-22921. కంపైలర్లు, ఎడిటర్లు, సర్వర్లు, అన్నిటిలోనూ ఒకటే కథ. తక్కువ హక్కులవాడు రాసిన ఫైలుని ఎక్కువ హక్కులవాడు నడుపుతాడు.

సరిచేయడం కష్టమేం కాదు. సీ డ్రైవ్ మొదట్లో ఉన్న ప్రతి టూల్ ఫోల్డర్‌కీ ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి ఇన్‌హెరిటెన్స్ ఆపేయండి. ఉన్న హక్కుల్ని కాపీగా ఉంచమని చెప్పి, అథెంటికేటెడ్ యూజర్స్‌కి ఉన్న మాడిఫై తీసేసి, చదవడం, నడపడం మాత్రమే ఉంచండి. టర్బో సీ వల్ల చిన్న చిక్కు వస్తుంది. అది పిల్లల ఫైళ్లని తన బిన్‌లోనే సేవ్ చేసేస్తుంది. ఇంకా టర్బో సీ ఎందుకు అని అడగను, సిలబస్ మీ చేతిలో ఉండదు కదా. సోర్స్, అవుట్‌పుట్ ఫోల్డర్లని దాని ఆప్షన్స్‌లో యూజర్ ఫోల్డర్‌కి మార్చండి. జాంప్ కొంచెం మొండిది. మైఎస్‌క్యూఎల్ డేటా, లాగులు, టెంప్ ఫోల్డర్లలో స్టూడెంట్ లాగిన్ రాయలేకపోతే సర్వర్ లేవదు. అందుకని వాటికీ హెచ్‌టీడాక్స్‌కీ (వెబ్ పేజీలు పెట్టే ఫోల్డర్) రాసే హక్కు ఉంచి, ప్రోగ్రాములు ఉన్న ఫోల్డర్లకి తీసేయాలి. ఒట్టి పీహెచ్‌పీ నేర్పడానికైతే జాంప్ అక్కర్లేదు. పీహెచ్‌పీ 5.4 నుంచీ దానికి సొంత సర్వర్ ఉంది, డ్యాష్ పెద్ద ఎస్, లోకల్‌హోస్ట్, పోర్ట్ నంబరు ఇస్తే ఉన్న ఫోల్డర్‌లోంచే నడుస్తుంది. పిల్లలు తమ ఫోల్డర్‌లో కూర్చుని తమ హక్కులతోనే నడుపుకుంటారు.

ఇక హెచ్‌ఓడీ గారి సలహా. స్టూడెంట్ లాగిన్‌కి అడ్మిన్ ఇస్తే పైన చెప్పిన వాటిలో ఏ ఒక్కదాని అవసరమూ ఉండదు, దొంగతనానికి వచ్చినవాడికి తాళం చెవి మనమే ఇచ్చినట్టు. ఆయన అడగబోయేది ఆండ్రాయిడ్ స్టూడియో గురించే అయ్యుంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడ్మిన్ కావాలి, ఎమ్యులేటర్‌కి హైపర్‌వైజర్ డ్రైవర్ వేసేటప్పుడు ఒకసారి కావాలి. రోజూ వాడడానికి అక్కర్లేదు, ఎస్‌డీకే (యాప్‌లు తయారుచేసే టూల్స్ కట్ట) డీఫాల్ట్‌గా యూజర్ యాప్‌డేటాలోకే దిగుతుంది. వీఎస్ కోడ్‌కి యూజర్ ఇన్‌స్టాలర్ వేరేగా ఉంది, దానికి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కూడా అడ్మిన్ అడగదు. ఇవి ఆయనకి చూపించండి, చాలావరకు ఒప్పుకుంటారు.

మీ వైపు నుంచి ఒక అలవాటు మార్చుకోవాలి. అడ్మిన్ లాగిన్‌ని ఇన్‌స్టాల్ చేయడానికే వాడండి. పిల్లవాడి ప్రాజెక్టు ఎందుకు నడవట్లేదో చూడడానికి అడ్మిన్‌గా ఎక్కి, వాడి ఫోల్డర్‌లో టెర్మినల్ తెరవకండి. వాడి సీట్లోనే, వాడి లాగిన్‌లోనే చూడండి. వీఎస్ కోడ్‌ని ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ పెట్టి తెరిచే సరదా ఉంటే మానేయండి.

పక్క గదిలో ఉబుంటు సిస్టమ్‌లు ఉన్నాయన్నారు. అక్కడ ఇదే ఎర్రర్ ఎక్కువగా ఎవరో సుడో పెట్టి (అడ్మిన్ హక్కులతో) క్లోన్ చేయడం వల్ల వస్తుంది, ఓనర్ రూట్ (లైనక్స్‌లో అన్ని హక్కులూ ఉన్న యూజర్) అయిపోతాడు. చోన్ కమాండ్‌తో ఓనర్‌ని వెనక్కి మార్చండి. లైనక్స్‌లో టెంప్ లాంటి ఉమ్మడి ఫోల్డర్ల ఓనర్ రూటే కాబట్టి, అక్కడ వేరేవాళ్లు డాట్ గిట్ పెడితే రూట్‌గా పనిచేసేవాళ్లు దొరికిపోయే లొసుగు మొదటి ప్యాచ్ తర్వాత కూడా మిగిలింది. సీవీఈ-2022-29187 పేరుతో జులైలో 2.37.1లో అది మూశారు, అప్పట్నుంచి డాట్ గిట్ ఫోల్డర్ ఓనర్‌ని కూడా విడిగా చూస్తుంది. కాబట్టి అంతకంటే పాత గిట్ ఉంచకండి. సుడోతో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ (నోడ్ ప్యాకేజీలకి), సుడోతో పిప్ ఇన్‌స్టాల్ (పైథాన్ ప్యాకేజీలకి) చేయించకండి. ప్యాకేజీ రాసినవాళ్ల స్క్రిప్టులు రూట్‌గా నడుస్తాయి. పైథాన్‌కి వెన్వ్ (ప్రాజెక్టుకి విడిగా ఉండే ప్యాకేజీల ఫోల్డర్), నోడ్‌కి ప్రాజెక్టు ఫోల్డర్ సరిపోతాయి. అలాగే పిల్లల్ని డాకర్ (కంటైనర్లు నడిపే ప్రోగ్రాము) గ్రూపులో చేర్చడమంటే వాళ్లకి రూట్ ఇవ్వడమే. డాకర్ వాళ్లే తమ డాక్యుమెంటేషన్‌లో ఆ హెచ్చరిక రాశారు. డాకర్ నేర్పాలంటే రూట్‌లెస్ మోడ్ (రూట్ హక్కులు లేకుండా నడిచే పద్ధతి) పెట్టండి.

పనులకి వరస అడిగితే నేను ఇలా చేస్తాను. స్టార్ తీయడం, అడ్మిన్ పాస్‌వర్డులు సిస్టమ్‌కొకటి పెట్టడం ఈ వారంలోనే. ఫోల్డర్ హక్కులు రెండు మూడు సిస్టమ్‌లలో మార్చి, ఒక బ్యాచ్ పిల్లలతో పూర్తి ల్యాబ్ సెషన్ నడిపించి, ఏది ఆగుతుందో రాసుకోవడం ఆ తర్వాత. మొత్తం ల్యాబ్‌కి చేసేది దసరా సెలవుల్లో పెట్టుకోండి. సిరిమానోత్సవం మంగళవారం వెళ్లేదాకా విజయనగరం పిల్లలు ఎలాగూ సగంమంది రారు, తీరిగ్గా చేసుకోవచ్చు.

స్టార్ తీశాక కూడా ఎర్రర్ వస్తే, ఎర్రర్ కింద ‘ఓన్డ్ బై’ అని ఒక పేరు, ‘కరెంట్ యూజర్’ అని ఇంకో పేరు ఉంటాయి. ఆ రెండు లైన్లూ, గిట్ వెర్షన్ నంబరూ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.